గోడ అవతలి నవ్వు

గోడ అవతల మళ్ళీ నవ్వులు. మాస్టారి చేతిలో సుద్దముక్క బోర్డు మీదే ఆగిపోయింది.

ఆయన అప్పుడే తన క్లాసుకు జోకు చెప్పి ముగించాడు. ఒకాయన చెప్పులో రాయి పడిందని ఓ మూసిన తలుపు ముందు ఆగుతాడు. వెనక ఒకడొచ్చి నిలబడతాడు, వాడి వెనక ఇంకొకడు, చూస్తుండగానే పెద్ద క్యూ. చివరికి ఎవరో వచ్చి "ఇక్కడ ఏమిస్తున్నారండీ?" అని అడిగితే, అందరికంటే ముందున్నాయన "ఏమో, రాయి ఎప్పుడో తీసేశాను. ఇంతమంది నిలబడ్డారంటే ఏదో ఇస్తారు కదా, అందుకే కదల్లేదు" అంటాడు. మనుషులు ఒకరిని చూసి ఒకరు ఎలా నడుచుకుంటారో చెప్పే పాఠానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదని మాస్టారి నమ్మకం. కాలేజీలో ఆయనకు 'క్యూ మాస్టారు' అనే పేరు ఈ జోకుతోనే వచ్చింది. ఏటా కొత్త పిల్లలు, అదే జోకు, అవే నవ్వులు.

ఈ ఏడు మాత్రం ఒక్కరూ నవ్వలేదు. ముందు బెంచీ అమ్మాయి ఆ జోకును శ్రద్ధగా నోట్సులో రాసుకుంది.

గోడ అవతలిది కొత్త మాస్టారి క్లాసు. నిన్నగాక మొన్న చేరినవాడు. ఆ నవ్వుల్లో ఒక నవ్వును మాస్టారు గుర్తుపట్టాడు. గుర్తుపట్టకేం, ఆ నవ్వు చూసే కదా పెళ్ళి చేసుకున్నాడు.

ఆవిడది ఆ కాలేజీ లైబ్రరీలోనే ఉద్యోగం. ఆయన చేరిన కొత్తలో, మొదటి క్లాసు రోజున, పుస్తకాలు ఇవ్వడానికి వచ్చి చివరి బెంచీలో కూర్చుని ఈ జోకుకే గలగలా నవ్వింది. తన తెలివిని గుర్తించే మనిషి దొరికిందని ఆయన అక్కడికక్కడే మనసిచ్చేశాడు. పెళ్ళయ్యాక కూడా మధ్యాహ్నం లైబ్రరీ మూసే గంటలో ఆ చివరి బెంచీ ఆవిడదే. కొత్తాయన వచ్చిన దగ్గర్నుంచీ అది ఖాళీగా ఉంటోంది.

ఆ సాయంత్రం ఆవిడ బట్టలు మడత పెడుతుంటే మాస్టారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు."

"ఇప్పుడు నేను ఏ పొరుగింటికి వెళ్ళానండీ?"

"గోడ పక్కకి. నీ నవ్వు నాకు వినబడదనుకున్నావా?"

ఆవిడ చొక్కా కాలరు సరిచేసింది. "పాపం, కొత్తవాడు కదా. అచ్చం మొదట్లో మీరెలా ఉండేవారో అలాగే ఉన్నాడు."

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. మొదట్లో తనలాగేనట. అంటే ఇప్పుడు తను పనికిరాడనేగా.

"అంత ఏం చూశావు వాడిలో?"

"చూడ్డానికేముంది? చేతులు వణికి సుద్దముక్కలు విరగ్గొడుతుంటాడు."

"మరి నా క్లాసుకి రావడం ఎందుకు మానేశావు?"

"మీకేమండీ, మీ క్లాసులో పిల్లలు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు. నేనొక్కదాన్ని లేకపోతే లోటా?"

లోటేనని ఒప్పుకోవడానికి ఆయనకు నోరు రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పిల్లల మీద పడ్డాడు. ఈ తరానికి హాస్యం తెలియదన్నాడు, ఫోన్లు చూసి చూసి మొద్దుబారిపోయారన్నాడు. గెలిస్తే మన గొప్ప, ఓడితే ఎదుటివాళ్ళ తప్పు అనుకోవడం మనిషి బలహీనత అని పోయిన వారమే పాఠం చెప్పిన మనిషి ఆయన.

"శుక్రవారం ప్రిన్సిపాల్ మా ఇద్దరి క్లాసుల్లోనూ చెరో అరగంట కూర్చుంటాడు. వచ్చే ఏడాది మొదటి సంవత్సరం పిల్లల్ని ఎవరికివ్వాలో ఆ రోజే తేలుస్తాడట. నువ్వు నా క్లాసులో ఉండాలి."

"శుక్రవారం అతనికీ పరీక్షే కదండీ."

"అతని సంగతి నీకెందుకు?"

ఆవిడ మడతపెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

శుక్రవారం చివరి బెంచీలో ఒక చివర ప్రిన్సిపాల్, ఇంకో చివర ఆవిడ. మాస్టారు అదే జోకును మళ్ళీ రాయి దగ్గర మొదలుపెట్టి క్యూ దాకా లాగి, ముగించాడు. ఆవిడ గలగలా నవ్వింది. ముందు బెంచీ అమ్మాయి పెన్ను కింద పెట్టి నవ్వింది. చూస్తుండగానే గది మొత్తం నవ్వింది. ప్రిన్సిపాల్ కూడా కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. అరగంట కాగానే ఆయన లేచి పక్క గదికి వెళ్ళాడు. గోడ అవతల ఒక గొంతు తడబడుతూ ఏదో చెప్పింది, ఆగింది, మళ్ళీ చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ గోడ వైపు చూసి తల దించుకుంది.

మొదటి సంవత్సరం మాస్టారికే దక్కింది.

ఇంటికి నడిచి వెళ్తుంటే ఆయన కాళ్ళు నేల మీద లేవు.

"చూశావా? సరుకుంటే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నవ్వుతారు. అసలు వాడి జోకుల్లో ఏముందని అంతలా నవ్వేదానివి?"

"ఏమీ లేదండీ. బెదిరిపోతున్నాడు పాపం. ఎవరో ఒకరు ముందు నవ్వితే పిల్లలు వాళ్ళే అందుకుంటారు, అతనికీ ధైర్యం వస్తుంది అని నవ్వేదాన్ని."

ఇన్నాళ్ళుగా మాస్టారి కడుపులో రగిలిన మంట ఒక్కసారిగా చల్లారింది. జాలి! అంతే, ఉత్త జాలి. ఆయనకు ఇప్పుడు కొత్తాయన మీద ప్రేమ కూడా పుట్టుకొచ్చింది.

"పిచ్చివాడు. తన తెలివికే మురిసిపోయి నవ్వుతున్నావని అనుకుని ఉంటాడు."

ఆవిడ గేటు గడియ తీసి, ఆయన్ని లోపలికి వెళ్ళనిచ్చి, మెల్లగా అంది.

"మీ మొదటి క్లాసులోనూ అందుకే నవ్వానండీ."