కుక్క ఉచ్చపోయని ఊరు

“రాళ్లకుంటనా? గది కుక్క గూడ ఉచ్చపోయని ఊరు!”

మల్లేశం మాటకు సిద్దిపేట కల్లు దుకాణం మొత్తం ఘొల్లుమంది. అతను మాత్రం నవ్వలేదు. అతని కళ్లు వీధిలో పోతున్న దేవరాజు మీద ఉన్నాయి. తలకు కొత్త రుమాలు, వెండి పొన్నుకర్ర, ఆ నడక! రాళ్లకుంట నుంచి లచ్చవ్వను చూసుకోవడానికి వచ్చిన పెండ్లికొడుకు. లచ్చవ్వ ఇచ్చిన నీళ్లు తాగి వస్తున్నాడు. మీసం ఇంకా తడిగానే ఉంది.

లచ్చవ్వ మల్లేశం మేనమామ దుబ్బయ్య కూతురు. మేనబావ ఉండగా పిల్లను బయటివాడికిస్తారా? నలభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం మొదలైనప్పటి నుంచి దుబ్బయ్య ఆమెను బావికి కూడా పంపడం లేదు. తన కోసమే భద్రంగా దాస్తున్నాడని మల్లేశం ఇన్నాళ్లూ మురిసిపోయాడు. ఇప్పుడేమో ఈ రుమాలువాడు!

ఐలయ్య కడుపు పట్టుకుని అడిగాడు. “కుక్క ఎందుకు పోయదుర?”

“పొయ్యనీకె అది ఆడిదాంక నడ్వాలె గద!”

మరుసటి అంగడికి ఆ మాట అతనికంటే ముందే తిరిగింది. కోహెడ బండివాళ్లు, మిరుదొడ్డి గొర్రెలకాపరులు, ఎవరు దూరపు ఊరి పేరెత్తినా “కుక్క ఉచ్చపోయని ఊరా?” అనడమే. గాజులమ్మే బుచ్చవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకుని అనేసింది. మల్లేశానికి కడుపు చల్లబడింది.

ఆ సాయంత్రమే దుబ్బయ్య కబురు పెట్టాడు. అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

“అల్లుడా, రాళ్లకుంటను గట్ల అంటున్నవట. నువ్వు చూసినవా?”

“బండి కిరాయికి పోయిన మామా. గుట్టల నడుమ ఉంటది.”

“తొవ్వ?”

“తొవ్వ యాడిది? నడుమల్నే బండి ఇడ్శిపెట్టి నడ్శిన. వాగుల బొక్కబోర్ల వడ్డ.”

“మోటరు బండి?”

“మోటరంటే గాడోల్లకు ఎర్కనే లేదు.”

దుబ్బయ్య ముఖం మారుతోంది. మల్లేశానికి హుషారొచ్చింది.

“గుట్ట మీదికెల్లి సూస్తె ఊరు కండ్లవడ్తదా?”

“పక్కపొంట నిలవడ్డా కండ్లవడదు. పోలీసోడు సుత ఎన్నడు ఆ మొకాన పోలే.”

“అవ్వతోడు?”

“అవ్వతోడు మామా! గసొంటి జాగల లచ్చిని పడేస్తవా? నేను లేనా?”

దుబ్బయ్య రుమాలు అంచుతో కళ్లు ఒత్తుకున్నాడు. ఇక పిల్ల తనదే. మల్లేశం ఇంటల్లుడిలా గోడకు చేరగిలబడ్డాడు.

“సాయవ్వా!” దుబ్బయ్య లోపలున్న భార్యను పిలిచాడు. “దేవరాజుకు కబురంపు. బుధవారమే పెండ్లి.”

మల్లేశం దిగ్గున లేచాడు. “మామా! నేను చెప్పింది ఇన్నవా?”

“ఇన్న బిడ్డా. నీ మాట మీదనే ఇస్తున్న.” దుబ్బయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు. “మా ఊరికి తొవ్వ మంచిగుంటదని గా దేవరాజు గొప్పలు చెప్పిండు. గందుకే ఇన్నొద్దులు ఎన్కముందాడిన.”

“మరి?”

“రజాకార్లు రాలేని ఊరే దేవులాడుతున్న.”