పాత మ్యాపు

"ఫోన్లనే అన్నీ ఉండంగ ఇదెందుకు సార్?" అన్నాడు ముఖేష్.

సూర్యాపేటలో కారు సామాన్ల దుకాణం అతనిది. తన సరుకు తానే వద్దనే వ్యాపారిని చూడడం రాకేష్‌కు అదే మొదలు.

"ఫోన్ల మా ఊరు లేదు," అన్నాడు రాకేష్.

అబద్ధం కాదు. ఎర్రగుంటపాడు ఖాళీ అయి పన్నెండేళ్లు దాటింది. ఇప్పుడక్కడ ఇళ్లూ లేవు, మనుషులూ లేరు. వాళ్లకంటూ అక్కడ మిగిలిందల్లా చర్చి వెనక వాళ్ల నాన్న మత్తయ్య సమాధి ఒక్కటే.

ఏటా నవంబరులో సమాధుల పండుగ వస్తుంది. అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించుకుంటారు. రాకేష్ కూడా తల్లి సైదమ్మను, భార్య కృపను వెంటబెట్టుకుని మిర్యాలగూడ నుంచి పోతాడు. పోయి ఏం లాభం? సమాధి ఎక్కడుందో తెలిసే ఆనవాలే లేదు. అంచనా మీద ఒకచోట కొవ్వొత్తి వెలిగించి వచ్చేస్తారు.

పోయినేడు సైదమ్మ అక్కడే ఏడ్చేసింది.

"గిది మీ నాయిన జాగ కాదురా. కలలకొచ్చి అడుగుతుండు. నా దిక్కు రాకుంట ఎవలికాడికో పోతున్నవంటుండు."

అప్పటి నుంచి ఆమెకు సరైన తిండి లేదు, నిద్ర లేదు. దానికితోడు గుండె జబ్బు. మొన్న దవాఖానలో డాక్టర్ రాకేష్‌ను బయటికి పిలిచి, ఆమె ఇంకో పండుగ చూస్తుందని గట్టిగా చెప్పలేనన్నాడు. రాకేష్‌కు భయం పట్టుకుంది. చావు గురించి కాదు. ఆ బాధతోనే పోతుందేమోనని.

అంతకుముందే కోదాడలో, కారులో దారి చెప్పే జీపీఎస్‌లు రెండు చూశాడు. కొత్తవి, పెద్ద తెరలవి. ఊరి పేరు కొడితే రెండూ లేదన్నాయి. ముఖేష్ కూడా ముందు అలాంటివే చూపించి, చివరికి విసుగొచ్చి కింది అరలోంచి ఒకటి తీశాడు. ఎవరో మార్చుకుని వదిలేసి పోయిన పాత డబ్బా.

రాకేష్ ఊరి పేరు కొట్టాడు. వచ్చింది! వీధులు వచ్చాయి. వాటి మధ్యన చిన్న శిలువ గుర్తు, పక్కన 'చర్చి' అని. అతనికి కళ్లు మసకబారాయి. అయినా సరుకు చూసి కొనాలి కదా.

"కారుకెళ్లి తీసినంక ఎంతసేపు నడుస్తది?"

"రెండు గంటలు నడుస్తది సార్. కారుకెళ్లి తీసుడెందుకు?"

"సిగ్నల్ లేకుంటే?"

"దీనికి సిగ్నల్‌తోని పనిలేదు."

"రోడ్డు లేనికాడ ఏం చెప్తది?"

"రోడ్డు లేనికాడికి కారెట్ల పోతది సార్?"

"తడిస్తే?"

"అద్దాలు ఎక్కియ్యాలె సార్," అన్నాడు ముఖేష్, ఇంత చదువుకున్నాయనకు ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూస్తూ. "మ్యాపు బాగ పాతది. ఒక్క నిమిషం ఆగుండ్రి, కొత్తది ఎక్కిచ్చిస్త. పైసలేం వద్దు."

వైరు కంప్యూటర్‌కు తగిలించనే తగిలించాడు. రాకేష్ ఒక్క ఉదుటున వైరు పీకేశాడు. బల్ల మీది చాయ్ గ్లాసు పడి పగిలింది.

"అట్లనే ఉండనీయన్నా! నీకు దండం పెడ్త," అన్నాడు. ముఖేష్ బిత్తరపోయి డబ్బా అతని చేతిలో పెట్టాడు.

మిర్యాలగూడ వచ్చాక వాళ్ల వీధి చర్చి దగ్గర పరీక్ష పెట్టాడు. చేరుకున్నారని అది చెప్పేసరికి గోడ ఇంకా నాలుగడుగుల దూరంలో ఉంది. మళ్లీ వెనక్కి పోయి వచ్చాడు. ఈసారి రెండడుగులు.

"గంత పరేషానెందుకు? రెండడుగులే గద," అంది కృప.

"రెండడుగులు తప్పితే పక్కోళ్ల సమాధి కృపా."



పండుగ నాడు పొద్దున్నే బయలుదేరారు. కోదాడ దాటారు. పొలాల మధ్య తారురోడ్డు అయిపోయినచోట కొమురయ్య ఎదురుచూస్తున్నాడు. ఏటా అక్కడి నుంచి వాళ్లను తీసుకెళ్లేది అతనే.

"ఈయేడు నా అంచనా వద్దంటవ్ అయితే," అన్నాడు కొమురయ్య, రాకేష్ చేతిలోని డబ్బాను చూసి.

"ఇది చెప్పినట్టు పోదాం కొమురన్నా. జర మెల్లగ."

నేరుగా వెళ్లండి, అంది డబ్బా. కాసేపటికి ఎడమకు తిరగండి, అంది.

సైదమ్మ ఉలిక్కిపడింది. "గిది బాలమ్మోళ్ల ఇంటి మూల! గీడనే మలగాలె."

కుడికి తిరగండి.

"గిది అనసూయోళ్ల గల్లీ. ఈ మలుపు దాటితే మన చర్చేరా!" ఆమె కృప చెయ్యి గట్టిగా పట్టుకుంది. అత్త చెయ్యి చల్లగా తగిలి కృప రాకేష్ వైపు చూసింది. రాకేష్ భయంగా తల్లి ముఖం చూశాడు, డబ్బా చూశాడు. బ్యాటరీ గుర్తు ఎర్రగా మారింది.

"దేవా, ఇంకొక్క నిమిషం," అనుకున్నాడు.

మీరు గమ్యస్థానం చేరుకున్నారు.

"ఆగన్నా!" అని అరిచాడు రాకేష్. "చర్చి వెనక గోడ ఇదే. గోడకు ఆనుకునే నాయిన."

సైదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "వచ్చిన," అంది. "ఈపాలి నీకాడికే వచ్చిన."

కొమురయ్య తెడ్డు ఆపి పడవను నిలిపాడు. సైదమ్మ వంగి, వెలిగించిన కొవ్వొత్తి ఉన్న మోదుగాకు దొప్పను, ఊరినంతా ముంచేసిన ప్రాజెక్టు నీళ్ల మీద, మత్తయ్య సమాధికి సరిగ్గా పైన వదిలింది.