నల్ల రేకు

"తప్పెక్కడుందో కనిపెట్టండి చూద్దాం, మేడం" అంది ఇలారియా, నవ్వు ఆపుకుంటూ.

స్మరాండా కళ్లద్దాలు సవరించుకుని బల్లమీది పెళ్లి రవిక పైకి వంగింది. అరవై ఏళ్లనాటి రవిక అది. రెండు చేతుల మీదా ఎర్రదారంతో కుట్టిన పువ్వుల వరసలు. కనిపెట్టడానికి ఏమీ లేదు. ఉండకూడదనే ఇలారియా పొద్దుటి నుంచీ మెడ పడిపోయేలా కూర్చుంది.

ఇటలీలో మూడేళ్లు పాతబట్టల సంరక్షణ చదివి, విద్యార్థుల మార్పిడి పథకం కింద నాలుగు నెలల శిక్షణకి రొమేనియాలో ఈ కొండ ఊరి మ్యూజియానికి వచ్చింది ఇలారియా. తనకి పొగరు లేదని ఆ పిల్లకి గట్టి నమ్మకం. తనంత బాగా కుట్టేవాళ్లు భూమ్మీద తక్కువ, అంతే. రేపటితో శిక్షణ పూర్తి. మ్యూజియం పెద్ద స్మరాండా సంతకం పెట్టిన కాగితం పట్టుకెళితేనే డిగ్రీ చేతికొస్తుంది. ఆ సంతకం పైన నాలుగు మెచ్చుకోలు ముక్కలు కూడా పడితే బాగుండునని ఆశ.

"ఎడమ చేతి మీద నాలుగో పువ్వు!" ఆగలేక తనే చెప్పేసింది. "ఒక రేకు నల్లగా ఉండేది కదా? ఎవరో తర్వాత చేతికందిన దారంతో అతుకేసినట్టున్నారు. దరిద్రంగా ఉంది. విప్పేసి ఎర్రదారంతో కుట్టాను. ఎక్కడైనా తెలుస్తోందా?"

స్మరాండా వెనక్కి తడుముకుని కుర్చీలో కూలబడింది.

"అది అతుకు కాదే తల్లీ! దిష్టి రేకు!"

"అంటే?"

"పెళ్లికూతురికి ఎవరి కన్నూ తగలకుండా కావాలని కుట్టే తప్పు! దాని మీద నలభై పేజీలు రాశానే నేను! ఆ గోడకి చూడు!"

గోడకి పోస్టరు ఉంది, సాయంత్రం అయిదింటికి మొదలయ్యే ప్రదర్శనది. అందులో మనిషెత్తు నల్ల రేకు, దాని కింద 'వధువును కాచిన నల్ల రేకు' అని అక్షరాలు. నిన్న నిచ్చెనెక్కి దాన్ని అంటించింది ఇలారియాయే. అక్షరాలు వంకర పోకుండా ఉన్నాయా అని మూడుసార్లు చూసుకుంది గానీ, అవేం చెబుతున్నాయో చదవలేదు.

"విప్పిన దారం ఏం చేశావ్?"

"పొట్లం కట్టాను మేడం. తేదీ కూడా వేశాను."

"బతికించావ్. ఆ రవిక కుట్టింది, తొడుక్కుంది, మనకి పంపింది తుదోసియా అవ్వ. సాయంత్రం ఆవిడే వస్తోంది. 'నా రేకేదీ' అందంటే నేను ఆ కొండెక్కి దూకాలి, నువ్వు సంతకం లేకుండా రైలెక్కాలి. కూర్చో, కుట్టు!"

ఇలారియా కూర్చుంది. అంతసేపూ ముచ్చటపడి కుట్టినదంతా విప్పి, పాత రంధ్రాల్లోంచే పాత దారాన్ని తిరిగి దూర్చసాగింది. అది పుటుక్కు పుటుక్కున తెగుతోంది. తెగినప్పుడల్లా స్మరాండా పక్కనే నిలబడి, "ఏమన్నావ్, దరిద్రంగా ఉందా? అను, మళ్లీ అను" అని దెప్పుతోంది. ఇలాంటి చేతులేసుకునా ఇన్నాళ్లూ విర్రవీగాను అని ఇలారియాకి ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి.

నాలుగింటికి ఇంకా రెండు కుట్లు ఉండగా పాత దారం అయిపోయింది. కొత్త నల్లదారం నిగనిగలాడుతూ ఇట్టే పట్టిచ్చేలా ఉంది. స్మరాండా తలుపు గడియ పెట్టి వచ్చి, తన కాఫీ కప్పు అడుగున మిగిలిన మడ్డిలో ఆ దారాన్ని నలిపి నిగారింపు చంపింది.

"ఇది రికార్డులో రాయాలా మేడం?"

"రాశావంటే చంపుతా."

ప్రతి కుట్టూ రికార్డు చెయ్యాలని పాతికేళ్లుగా పిల్లలకి నూరిపోసిన మనిషి ఆవిడ.

అయిదింటికి హాలు నిండింది. తుదోసియా అవ్వ నల్ల రుమాలు తలకి కట్టుకుని, కోడలి చెయ్యి పట్టుకుని ముందువరసలో కూర్చుంది. ఆవిడకి ఎనభై నాలుగేళ్లు. స్మరాండా మైకు ముందు దిష్టి రేకు గొప్పతనం ఇరవై నిమిషాలు చెప్పింది. సూది పొడిచిన వేళ్లు జేబుల్లో దాచుకుని ఇలారియా గోడకి ఆనుకుంది.

"ఏదీ, నా రవిక దగ్గర్నుంచి చూడనివ్వండి" అంటూ అవ్వ లేచింది.

గాజు మూత తీశారు. కోడలు భూతద్దం అందించింది. అవ్వ కుడి చేతి వైపు చూడనే లేదు. వేలు ఎడమ చేతి మీద ఒకటి, రెండు, మూడు దాటి నాలుగో పువ్వు దగ్గర ఆగింది. భూతద్దం కిందికి దిగింది.

"పట్టేసింది మేడం" అని గొణిగింది ఇలారియా. "పోయింది, నా డిగ్రీ పోయింది."

"నోర్ముయ్!" అని గిల్లింది స్మరాండా.

అవ్వ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది చూసి స్మరాండాకి ప్రాణం లేచివచ్చింది. అందరికీ వినబడేలా గొంతు పెంచింది.

"చూశారా! పెళ్లిరోజు గుర్తొచ్చింది! దిష్టి తగలకూడదనే కదూ అవ్వా, ఆ రేకు నల్లగా కుట్టావు?"

"దిష్టా?" అవ్వ తల ఎత్తింది. "ఎర్రదారం అయిపోయిందమ్మా! తెల్లారితే పెళ్లి, కొట్టు కట్టేశారు. పెళ్లంతా ఆ చెయ్యి వెనక్కి దాచుకునే నిలబడ్డాను. తర్వాత మారుద్దామంటే తీరిక లేకపోయింది, తీరిక చిక్కేసరికి చూపు లేకపోయింది."

భూతద్దం కోడలి చేతిలో పెట్టి, అవ్వ ఇద్దరి వంకా నిష్ఠూరంగా చూసింది.

"సరిచేస్తారనే కదమ్మా మీకు పంపింది!"