క్షమించని అత్త

"ఊళ్లో మగవాళ్లందరి గొంతులూ విన్నాం. ఇక నీ కొడుకే మిగిలాడు" అన్నాడు పోలీసు జమేదారు హలీల్ చావుష్, గేటును బూటుకాలితో తోసి. వెనక ఇద్దరు సుల్తాను పోలీసులు, వాళ్ల మధ్య ఉప్పు అమ్ముకునే ట్రైకో.

స్టాన్యా చేతిలోని పిండి జల్లెడ జారిపోయింది.

ఊరంతా పొద్దున్నుంచి అదే గొడవ. మొన్న చీకట్లో, పిండిమర గోడ అవతల, తిరుగుబాటుదార్ల వార్తాహరుడి మాట ట్రైకో చెవిన పడింది. మనిషిని చూడలేదు. తడి దుంగ మీద రంపం లాగినట్టుండే ఆ గరగర గొంతును మాత్రం జన్మలో మరచిపోనంటున్నాడు.

కొట్టంలో మేకవెంట్రుకలు దువ్వుతున్న రంగెల్‌ను బయటికి లాక్కొచ్చారు. ఆ దుమ్ముకు అతనికి తెల్లారినప్పటినుంచీ ఒకటే దగ్గు.

"ఆ వార్తాహరుడి మాటే అను" అన్నాడు చావుష్. "'కొండ మీద మంచు కరిగింది, మందను తోలుకు రండి.'"

రాత్రుళ్లు వాకిలి అవతల కొడుకు గది తలుపు కిర్రుమనడం స్టాన్యా చాలాసార్లు విన్నది. ఎక్కడికిరా అని ఒక్కసారీ అడగలేదు. జవాబు వినే ధైర్యం లేక.

"కొండ మీద మంచు..." అన్నాడు రంగెల్. గొంతు జీరపోయింది. దగ్గాడు. "...కరిగింది, మందను తోలుకు రండి."

"మళ్లీ" అన్నాడు ట్రైకో, కళ్లు మూసుకుని.

రంగెల్ మళ్లీ అన్నాడు. చావుష్ చెయ్యి పిస్తోలు మీదికి పోయింది. స్టాన్యా తనకు తెలిసిన పునీతులందరికీ మొక్కుకుంది.

"ఏమోనయ్యా" అన్నాడు ట్రైకో చివరికి. "ఇది దగ్గుకు పోయిన గొంతు. అది పుట్టుకతో అలాంటి గొంతు."

"ఏమో అంటే కుదరదు. మొన్న రాత్రి వీడెక్కడున్నాడు?"

"ఇంట్లోనే, దొరా" అంది స్టాన్యా.

"తల్లి సాక్ష్యం తలగడకు చెప్పుకో. పెళ్లామేదీ?"

వసారాలో, నోటి మీదుగా తెల్లగుడ్డ కట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉంది పొరుగూరి నుంచి వచ్చిన కొత్తకోడలు నేడా.

"అమ్మాయ్, ఇటు రా. నీ మొగుడు మొన్న రాత్రి ఎక్కడ పడుకున్నాడు? నోరు విప్పి చెప్పు."

నేడా అత్తకేసి చూసింది.

"అది మాట్లాడదు దొరా. నేనింకా క్షమించలేదు."

చావుష్‌కు ఆ సంగతి తెలుసు. అత్త క్షమించానని నోటితో అనేదాకా కొత్తకోడలు అత్తింట్లో పెదవి విప్పకూడదు. "పెళ్లెప్పుడయింది?"

"మంచు పడుతున్నప్పుడు."

"ప్లం పూలు కూడా రాలిపోయాయి కదే, ముసలిదానా. ఇంకా క్షమించలేదా?"

"ఇరుగుపొరుగూ అదే అంటారు. నేను క్షమించేలోపు పిల్ల మాటలే మరచిపోతుందని."

"అయితే ఇప్పుడు క్షమించు."

స్టాన్యా కోడలి వైపు చూసింది. పిల్ల బెదిరిపోయి ఉంది. నోరు విప్పిందంటే, పక్క ఖాళీగా ఉందన్న నిజం కక్కేస్తుంది.

"క్షమించాలంటే పెళ్లిపెద్ద రావాలి. ద్రాక్షసారా పొయ్యాలి. పోలీసులు చెబితే క్షమించే ఆచారం మా ఇంటావంటా లేదు."

చావుష్ పిస్తోలు తీసి రంగెల్ మెడకు ఆనించాడు. "ఇప్పుడుందా?"

స్టాన్యా కొడుకు వైపు ఒక అడుగు వేసింది.

నేడా మెట్లు దిగి వచ్చింది. రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని నిద్ర నటించింది. మొగుడి వైపు వేలు చూపింది. తర్వాత బుగ్గలు పూరించి, గురక పెట్టేవాడిలా రొమ్ము ఎగరేసి, చెవులు రెండూ గట్టిగా మూసుకుంది.

పోలీసులిద్దరూ పకపకా నవ్వారు. రంగెల్ చెవులు ఎర్రబడ్డాయి. చావుష్ మీసం కింద కూడా నవ్వు మెదిలింది.

"ఇంత గురక పెట్టేవాణ్ని తిరుగుబాటుదార్లు కూడా చేర్చుకోరు" అంటూ పిస్తోలు దోపుకున్నాడు. గేటు దగ్గర వెనుదిరిగి, "నాకూ ఉందొక కోడలు, ముసలమ్మా. నీ ఆచారం మా ఇంటికి కొంచెం అరువివ్వు" అన్నాడు.

గుర్రాల చప్పుడు వంతెన దాటేదాకా ఎవరూ కదల్లేదు. స్టాన్యా గేటుకు గడియ వేసింది. పిల్ల ఎంత తెలివైన అబద్ధం ఆడింది! ఇలాంటి బంగారాన్నా తాను ఇన్నాళ్లు మూగదాన్ని చేసింది?

ఆమె లోపలినుంచి సారా గిన్నె తెచ్చింది.

"పెళ్లిపెద్ద లేకపోతే పోయాడు. క్షమించాను తల్లీ. ఇక మాట్లాడు."

నేడా మొగుడి వైపు చూసింది. రంగెల్ తల దించుకున్నాడు. ఆమె నోటి మీది గుడ్డ విప్పి, వంగి, అత్త చేతిని ముద్దు పెట్టుకుంది. తడి దుంగ మీద రంపం లాగినట్టు గరగరమంటూ వచ్చింది ఆమె తొలి మాట:

"మంద మొత్తం కొండెక్కేదాకా నన్ను క్షమించకు అత్తా."