మొక్కుబడి కోడి

"కుంటికోడిని ఎవరన్న దేవునికిస్తరా? నువ్వే చెప్పు ప్రిసిల్లా!"

వాకర్ పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడి అడిగింది ఎలీసబెతమ్మ. కోడలు అప్పుడే బేగంపేట ఆఫీసు నుంచి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా బట్టలుతికే బండ మీద కూలబడి ఎర్రకోడిని చూస్తోంది. కోడి ఎడమకాలు పైకి ముడుచుకుని, ఒంటికాలి మీద గెంతుతూ నూకల దగ్గరికి వచ్చింది.

తెల్లవారితే చర్చిలో కానుకలిచ్చే కోత పండుగ. ఆ మర్నాడు, సోమవారం, అత్తగారి రెండో మోకాలికి ఆపరేషన్. మొదటి మోకాలు బాగైతే ఎర్రకోడిని చర్చికి ఇస్తానని ఆవిడ మొక్కుకుంది. ఆ మొక్కుబడి తీరందే రెండో మోకాలి మీద కత్తి పెట్టనివ్వనని ఇప్పుడు పట్టుపట్టింది.

"ఇంకో కోడిని కొని ఇద్దాం అత్తమ్మా."

"మాటిచ్చింది దీన్ని. దేవుని దగ్గర బదులుకోడి నడుస్తదా?"

"పోనీ, కవర్‌ల పైసలు పెట్టి ఇద్దాం."

"ఆయన పైసలడిగిండా?"

లోపల మంచం మీద నుంచి సామ్యూల్ అరిచాడు. "కోసి పులుసు పెట్టుండ్రి. అందరి తక్లీఫ్ పోతది!"

"నోర్ముయ్‌రా! దేవునికి చెప్పినదాన్ని తింటవా?" కొడుకు మీద ఇంతెత్తున లేచింది ఎలీసబెతమ్మ.

అమ్మడానికి లేదు, కోయడానికి లేదు, ఇవ్వడానికీ లేదు. ప్రిసిల్లాకు నవ్వు వచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. సోమవారానికి ఆస్పత్రిలో బెడ్డు దొరకడమే గగనమైంది. ఇది తప్పితే మళ్లీ ఎప్పుడో తెలియదు. ఇంకా ఆలస్యం చేస్తే బరువంతా పడి బాగైన మోకాలు కూడా పాడవుతుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

"నాకు ఆపరేషనంటే లెక్కే లేదు," అంది ఎలీసబెతమ్మ. "మొదటిదానికి చీమ కుట్టినట్టు సుత కాలే. ప్రభువు చేతుల మీద పండుకున్నట్టుండె. మొక్కుబడి గురించే నా పరేషానంతా."

ఈ మాట ఆవిడ చిలకలగూడలో చెప్పని ఇల్లు లేదు.

ప్రిసిల్లా లేచి కోడిని పట్టుకుంది. ఒళ్లో పెట్టుకుని తల మీద తువ్వాలు కప్పింది. చీకటి కాగానే అది గింజుకోవడం మానేసింది. ఏమేం చూడాలో పశువుల ఆస్పత్రి డాక్టరమ్మ మధ్యాహ్నం ఫోనులో చెప్పింది.

ముందు అరికాలు చూసింది. నల్లటి పెచ్చు లేదు, లోపల చీము ఉన్నట్టు గట్టిగా తగలడం లేదు. కాలి పొలుసులు పైకి లేవలేదు. అవి లేస్తే కింద పురుగు చేరినట్టట. అయినా వారం నుంచి కొబ్బరినూనె రాస్తూనే ఉంది. కాలు పొడుగునా మెల్లగా నొక్కింది. విరిగిన జాడ లేదు, కీలు దగ్గర వేడీ లేదు. చివరికి ఫోను లైటు వేసి, వేళ్ల పైన పేరుకున్న మట్టిని తడిబట్టతో తుడిచింది.

"దారం!"

బియ్యం బస్తా మూతి కుట్టే దారం. మట్టిలో మట్టిలా కలిసిపోయి కాలి చుట్టూ బిగుసుకుంది. దాని కింద కొంచెం వాచింది.

"చెత్తల గీకుతుంటే చుట్టుకున్నట్టుంది," అంటూ ప్రిసిల్లా చిన్న కత్తెరతో జాగ్రత్తగా కోసింది. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో కాలు ఉంచి, తుడిచి, పసుపు అద్దింది.

దీపాలు పెట్టే వేళకు ఎర్రకోడి రెండు కాళ్లూ నేలకానించి నడిచింది. కాస్త తడబడినా నడిచింది.

"చూసిండ్రా అత్తమ్మా! రేపటికి మంచిగైతది."

"దేవునికి స్తోత్రం," అంది ఎలీసబెతమ్మ చిన్నగా.

ప్రిసిల్లా చాలా రోజుల తర్వాత టీ వేడిగా తాగింది. ఆస్పత్రికి సంచి సర్దింది. దుప్పటి, ఫ్లాస్కు, అత్తగారి కళ్లజోడు పెట్టింది. ఎలీసబెతమ్మ మాత్రం ఆకలి లేదని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆదివారం పొద్దున ప్రిసిల్లా లేచేసరికి గూడు తలుపు తీసి ఉంది. రోజూ దాన్ని తెరిచి నూకలు వేసేది అత్తగారే. ఆవిడ అప్పటికే తెల్లచీర కట్టుకుని, బైబిలు ఒళ్లో పెట్టుకుని పెరటి కుర్చీలో కూర్చుంది. కుర్చీ చుట్టూ ఎర్రకోడి తిరుగుతోంది. ఒంటికాలి మీద.

ప్రిసిల్లా అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. కోడిని దగ్గరికి లాక్కుని కాలు పట్టుకుంది. మళ్లీ దారం. ఈసారి మట్టి అంటలేదు, తెల్లగా ఉంది. రెండు చుట్లు చుట్టి, చక్కగా ముడి వేసి, చివరలు కత్తిరించి ఉన్నాయి.

"మళ్లా కుంటుతుందా?" ఎలీసబెతమ్మ బైబిల్లోంచి తలెత్తకుండా అడిగింది. "అట్లైతే పాస్టరుగారికి ఫోన్ చెయ్ బిడ్డా. ఆస్పత్రోళ్లకు సుత చెప్పు, రేపు రామని."

బైబిలు ఆవిడ చేతుల్లో తలకిందులుగా ఉంది.

ప్రిసిల్లా కత్తెర కోసం లేవలేదు. కోడిని ఒళ్లోనే పెట్టుకుని అడిగింది.

"అత్తమ్మా, మొదటిసారి అంత నొప్పి పుట్టిందా?"

ఎలీసబెతమ్మ కోడి కాలు వంక చూసింది. తన మోకాలిని రెండు చేతులతో కప్పుకుంది.

"దానికి నొప్పి పుట్టకుండనే కట్టిన బిడ్డా."