బెల్లులో కన్ను

గుమ్మం బెల్లుకి కెమెరా పెట్టించిన వారం తిరక్కుండానే హిల్కెకి దొంగ దొరికాడు.

మేడమీద గదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటుంటే ఫోను కుయ్‌మంది.

'మీ గుమ్మం ముందు గుర్తు తెలియని వ్యక్తి.'

నీలం టోపీ పెట్టుకున్న ముసలాయన. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. కాలిబాట మీద ఆగాడు. ఇంటికేసి చూశాడు. ఎడంచేత్తో ఆ చేతిని జేబులోంచి బయటికి లాగాడు. మెల్లిగా దాంతో టోపీ ముట్టుకున్నాడు. చెవి ముట్టుకున్నాడు. ముక్కు ముట్టుకున్నాడు. వెళ్లిపోయాడు.

మర్నాడు మళ్లీ అదే వేళకి అదే వరస.

హిల్కె ఆ వీడియో తీసి వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో పడేసింది. తప్పిపోయిన పిల్లులూ, దారికడ్డంగా పెట్టిన చెత్తడబ్బాలూ తప్ప వేరే కబురెరగని గ్రూపుకి ఒక్కసారిగా పండగొచ్చింది.

"అవి సైగలు," అని రాశాడు పక్కింటి యోస్ట్. "టోపీ అంటే ఇంట్లో మగాడు లేడని. చెవి అంటే కుక్క లేదని."

"మరి ముక్కు?" అంది ఎదురింటి రియా.

"జలుబేమో. అన్నీ నేనే చెప్పాలా?"

"వేళాకోళాలొద్దు యోస్ట్. కిందగదిలో హిల్కె వాళ్లమ్మ ఒక్కతే కూర్చుంటుంది పాపం. కిటికీకి పరదా కూడా ఉండదు."

డోక్కుమ్ అనే ఆ డచ్చి ఊళ్లో, ఆ కాలవగట్టు వీధిలో, ఎవరి కిటికీకి మాత్రం ఉంటుంది గనక! పట్టపగలు పరదా వేస్తే, ఎవరో పోయారనుకుని పూలు పట్టుకుని వచ్చేస్తారు.

హిల్కె తల్లి ఫ్రౌకెకి పక్షవాతం వచ్చి మాట పోయింది. కుడిచెయ్యి పడిపోయింది. వసంతానికల్లా ఆ చెయ్యి చెంచా పట్టుకుంటే ఇంట్లో ఉండొచ్చు, లేదంటే వృద్ధుల హోముకి పంపక తప్పదని డాక్టరు చెప్పేశాడు. అందుకే హిల్కె ఒక ట్యాబ్ కొని, కిటికీ గట్టు మీద తల్లికి ఎదురుగా నిలబెట్టింది. అందులో ఎప్పుడూ నవ్వుతుండే అమ్మాయి ఒకతె చెయ్యెత్తమంటుంది. ఎత్తితే మార్కుల్లా చుక్కలిస్తుంది.

ఫిజియో బ్రాం వచ్చినప్పుడల్లా తెగ సంబరపడిపోయేవాడు.

"చెయ్యి చెవిదాకా లేస్తోందండీ! ఏం మంత్రం వేశారు?"

"మంత్రం కాదు, ట్యాబ్," అంది హిల్కె, దాన్ని తనే కనిపెట్టినంత గొప్పగా.

గ్రూపులో వీడియో పెట్టిన మర్నాడు పొద్దున్న ఫోను కుయ్‌మనగానే హిల్కె మైకు నొక్కింది.

"ఏవండోయ్ పెద్దాయనా! ఏం కావాలి మీకు?"

గోడలోంచి మాట వచ్చేసరికి ఆయన ఉలిక్కిపడ్డాడు. నోరు తెరిచాడు.

"ఆ... ఆమె... కి... కి..."

"పొద్దున్నే తాగొచ్చారా? మీ మొహం వీధివీధంతా చూసింది. మళ్లీ ఇటు కనబడ్డారంటే పోలీసులకి చెప్తాను!"

ఆయన ఇంకాసేపు మాట కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. టోపీ తీసి, ఇంటికేసి తల వంచి వెళ్లిపోయాడు.

'తాగుబోతు కూడానూ,' అని గ్రూపులో రాసింది హిల్కె. మెచ్చుకోలు బొటనవేళ్లు బోలెడు లేచాయి.

ఆ తరవాత ఆయన రాలేదు. వీధి ఊపిరి పీల్చుకుంది.

ఫ్రౌకె చెయ్యి మాత్రం ఒడిలోంచి లేవడం మానేసింది.

"వ్యాయామం ఎందుకాపేశారండీ?" అన్నాడు బ్రాం.

"ఎవరాపారు? ట్యాబ్ అక్కడే ఉందిగా."

బ్రాం ట్యాబ్ అందుకుని తెర మీది లెక్కలు వెనక్కీ ముందుకీ జరిపి చూశాడు. "పెట్టిన రోజు తరవాత ఇందులో ఒక్క చుక్కా లేదు. దీన్నెవరూ ముట్టుకోనేలేదు."

"మరి చెయ్యెలా లేచింది?"

బ్రాం ఫ్రౌకె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "మీతో ఎవరు చేయించారమ్మా?"

ఫ్రౌకె కాలిబాటకేసి చూసింది. బాగున్న ఎడంచెయ్యి ఎత్తి తల ముట్టుకుంది. చెవి ముట్టుకుంది. ముక్కు ముట్టుకుంది.

హిల్కె గుమ్మంకేసి చూసింది. ఆ కెమెరా వీధికేసే చూస్తుంది. పక్కనున్న కిటికీలో ఎవరు చెయ్యెత్తుతున్నారో దానికి కనబడదు.

ఫోను తీసి బ్రాంకి వీడియో చూపించింది. అతను ఆ మొహం గుర్తుపట్టినట్టు తలెత్తాడు.

"ఈయన నీకు తెలుసా?" అంది హిల్కె.

"నా దగ్గరికొచ్చేవాళ్ల సంగతులు బయట చెప్పకూడదండీ. వాళ్ల గుట్టు వాళ్లది." ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. "వీడియో మీదేగా. ఇంకోసారి చూడండి."

చూసింది. ఆయన జేబులో దాచింది ఏమీ లేదు. అమ్మ చెయ్యిలాగే, తనంతట తాను జేబులోంచి బయటికి రాలేని చెయ్యి అది. తాగి తడబడిన నోరు కూడా కాదు.

"ఎక్కడుంటారో అయినా చెప్పు బ్రాం. వెళ్లి క్షమించమంటాను."

"అదీ చెప్పకూడదు." బ్రాం కోటు తొడుక్కున్నాడు. "ఈమధ్య గడప దాటడం మానేశారు. ఆ మాత్రం చెప్పినందుకే నన్ను తిట్టాలి."

మర్నాడు ఆ వేళకి హిల్కె తనే వెళ్లి కాలిబాట మీద నిలబడింది. తల ముట్టుకుంది. చెవి ముట్టుకుంది. ముక్కు ముట్టుకుంది.

కిటికీలో ఫ్రౌకె చెయ్యి ఒడిలోనే ఉంది. కూతుర్ని దాటి, ఆయన రోజూ వచ్చే మలుపుకేసి చూస్తూ కూర్చుంది.

బెల్లులోని కన్ను ఒంటరిగా నిలబడ్డ హిల్కెని చూసింది. ఆమె జేబులో ఫోను కుయ్‌మంది.

'మీ గుమ్మం ముందు గుర్తు తెలియని వ్యక్తి.'