కనపడకూడని వరస

“ఆ వరస ఇళ్ళు టీవీలో కనపడకూడదు,” అన్నాడు మున్సిపల్ ఇంజనీరు.

“చిత్తం సార్,” అన్నాడు ఫ్లెక్సీ షాపు ఓనరు. ఏ వరస అని అడగబోతుండగానే, కంప్యూటర్ ముందు కూర్చున్న డిజైనర్ అందుకున్నాడు. షాపులో అందరూ అతన్ని ‘ఆర్టిస్టు’ అంటారు. సగం మెచ్చుకోలు, సగం ఎగతాళి.

“వంతెన దిగగానే ఎడమ పక్కవే కదా సార్? నిజమే సార్. పెచ్చులూడిన గోడలూ, వంకర మెట్లూనూ. ప్రపంచమంతా చూస్తుంటే మన పరువేం కాను?”

ఊరి మీదుగా అంతర్జాతీయ సైకిల్ పందెం వెళ్తోంది. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి ఊరికి కాలు నిలవడం లేదు. ఏళ్ళ తరబడి నోళ్ళు తెరుచుకున్న గుంతలు రాత్రికి రాత్రే పూడిపోయాయి. వీధి కుక్కల్ని వ్యానెక్కించి ఎక్కడికో తోలేశారు. బడి మానేశాక సైకిల్ మొహం చూడని మందుల షాపాయన, దగ్గు మందుకొచ్చిన వాళ్ళకి గేర్ల గురించి క్లాసు పీకుతున్నాడు. సెలూన్లో ఇద్దరు పెద్దమనుషులు ఫలానా దేశం వాడే గెలుస్తాడని, కాదని చొక్కాలు పట్టుకున్నారు. ఆ దేశం ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు.

ఇంజనీరు ఆలోచన ఏమిటంటే, ఆ ఇళ్ళకు అడ్డంగా పొడుగాటి ఫ్లెక్సీ గోడ కట్టాలి. దాని మీద అందమైన ఇళ్ళ బొమ్మలుండాలి.

“ఎత్తెంత పెడదాం సార్?” అన్నాడు ఓనరు.

ఇంజనీరు గడ్డం గోక్కుంటుంటే మళ్ళీ ఆర్టిస్టే అందుకున్నాడు. “మేడల మీద దండేలున్నాయి సార్. లోపలి బట్టలతో సహా అక్కడే ఆరేస్తారు. ఇంకో రెండడుగులు లేపితే గానీ దాగవు.”

“భలే గమనించావయ్యా!” అని ఇంజనీరు మెచ్చుకున్నాడు.

ఇక ఆర్టిస్టుకి పట్టపగ్గాల్లేవు. తెల్లటి గోడలు వేశాడు. నీలం కిటికీలు పెట్టాడు. పూలకుండీలు వరసగా పేర్చాడు. ఒక అరుగు మీద బొద్దుగా ఉన్న పిల్లిని కూడా కూర్చోబెట్టాడు.

“మరి మనుషుల్ని పెట్టవా?” అన్నాడు ఓనరు.

“మనుషులుంటే అందం చెడుతుంది సార్.”

అతని ఆరాటమంతా మామగారి కోసం. పెళ్ళయినప్పటి నుంచి, అల్లుడేం చేస్తాడని ఎవరడిగినా “బొమ్మలు అతికిస్తాడు” అనేసి ఆయన మాట మార్చేస్తాడు. ఆ నోటితోనే ఒక్కసారి శభాష్ అనిపించుకోవాలి. అందుకే పందెం రోజుకి రమ్మని బతిమాలి మరీ పిలిచాడు.

కొత్తగా అద్దెకు మారిన ఈ ఇంటికి పెద్దాయన రావడం ఇదే మొదలు. రోడ్లన్నీ మూసేశారని ఆర్టిస్టే ఎదురెళ్ళి, సందులన్నీ తిప్పి, పెరటి గుమ్మంలోంచి తీసుకొచ్చాడు.

ఇంట్లో పట్టపగలే లైటు వెలుగుతోంది. కుర్చీల మీదా తలుపుల మీదా తడి బట్టలు వేలాడుతున్నాయి. కూతురు తండ్రికి మంచినీళ్ళిచ్చింది, మొగుడి వైపు చూడలేదు. ఆ గోడ లేచిన నాటి నుంచి ఆమె అతనితో ముక్తసరిగానే మాట్లాడుతోంది. అల్లుడు పనిలో పడి ఇల్లు మరిచిపోయాడు కాబోలనుకున్నాడు పెద్దాయన.

“పందెం ఊళ్ళోకే వస్తుంటే టీవీలో చూడటమేంటి అల్లుడుగారూ? పదండి, రోడ్డు మీద నిలబడి చూద్దాం.”

“రోడ్డు మీద ఏముంది మావయ్యా, కాళ్ళు తొక్కించుకోవడం తప్ప? నా గోడ సంగతి తెలియాలంటే టీవీలోనే చూడాలి.”

“అవును నాన్నా,” అంది కూతురు. “దాని అందమంతా దూరాన్నుంచి చూసేవాళ్ళకే.”

ముందు జనం కేకలు గదిలోకి వచ్చాయి. కాసేపటికి టీవీలో వంతెన కనపడింది. రంగు రంగుల చొక్కాల గుంపు దాని మీద నుంచి బిలబిలా దిగింది. కెమెరా కుడి పక్కనున్న గోదాము కేసి చూస్తోంది. 

“ఇటు తిప్పరా నాయనా, ఇటు!” అని ఆర్టిస్టు టీవీకి దండం పెట్టాడు.

తిప్పాడు. తెల్లటి గోడలు, నీలం కిటికీలు, పూలకుండీలు. పిల్లి కూడా కనపడింది.

“ఎంత ముచ్చటైన వీధి!” అన్నాడు వ్యాఖ్యాత. “ఉంటే ఇలాంటి చోట ఉండాలనిపిస్తోంది కదూ!”

రెప్పపాటులో సైకిళ్ళూ వీధీ కూడా దాటిపోయాయి. ఆర్టిస్టుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పెద్దాయన లేచొచ్చి భుజం తట్టాడు. “ఏమో అనుకున్నాను అల్లుడూ. నీ చేతిలో ఇంత పనితనముందని తెలియదు. నిజం ఇళ్ళని చూసి కూడా నేనింత ముచ్చట పడలేదు.”

‘గారు’ ఊడిపోయి ఒట్టి ‘అల్లుడు’ అయినందుకు ఆర్టిస్టు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆ సంబరంలో దాచుకున్న కబురు కూడా కక్కేశాడు.

“పందెం అయిపోయినా దాన్ని తియ్యరట మావయ్యా! పొద్దున్నే ఇంజనీరుగారు ఫోన్ చేసి చెప్పారు. ఊరికే అందమొచ్చింది, ఇక శాశ్వతంగా ఉంచేద్దామన్నారు!”

వంటగదిలో గిన్నె కింద పడ్డ చప్పుడైంది.

“అది సరే గానీ, ఆ గోడ వెనకాల ఇళ్ళల్లో ఎవరుంటారు పాపం?” అని పెద్దాయన ఆరా తీస్తుంటే, కూతురు విసవిసా వచ్చి వీధి తలుపు బార్లా తెరిచి, గుమ్మానికి జానెడు దూరంలో మేడ కన్నా ఎత్తుగా నిలబడ్డ ఫ్లెక్సీ వీపు చూపించి, “మేమే నాన్నా,” అంది.